పెరుగు గిన్నె విడిగా

అమెరికావాళ్ళు ఆకాశంలోకి పంపిన స్కైలాబ్ మా తిరువూరు మీద పడకుండా ఎక్కడో సముద్రంలోకి పోయిందని రేడియోలో చెప్పాక కూడా రెండు రోజులపాటు నేను నమ్మలేదు. వెనకాల ఇంకేమైనా ముక్కలు వస్తాయేమోనని పిల్లను వాకిట్లోకి పోనివ్వలేదు. ఎలాగూ అందరం పోతాం కదా అని, రోజూ గుడ్డు పెట్టే పెట్టను ముందురోజే కోయించి కూర వండేశాను. ఆ సంగతి మా ఆయన మరియదాసు మాస్టారు బళ్ళో పిల్లలకి కూడా చెప్పి నవ్వించారు. స్కైలాబ్ వల్ల కృష్ణా జిల్లాకి జరిగిన నష్టం మొత్తం ఒక కోడి అని.

ఆ నవ్వు చల్లారకముందే, ఆగస్టు మొదటి ఆదివారం, మా ప్రేమావతికి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు కృపానందం. విజయవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్. డ్రైవరు పక్కన నిలబడి ఇంజను పొయ్యిలోకి పారతో రాక్షసి బొగ్గు ఎగదోసే ఉద్యోగమని మా ఆయన విడమరిచి చెప్పారు. గవర్నమెంటు నౌకరీ అనీ, క్వార్టర్స్ ఇస్తారనీ, నాలుగైదేళ్ళలో డ్రైవరవుతాడనీ ఇంకా చాలా చెప్పారు. నాకు వాటిలో రెండే వినపడ్డాయి. పొయ్యి, రాక్షసి.

మాది రైలు లేని ఊరు. బస్సెక్కి మధిరకో బెజవాడకో పోతే తప్ప పట్టాలు కనపడవు. ఐదో తరగతి వాచకంలో రైలు బొమ్మ చూశాను. నిజం రైలు నా జన్మలో రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లూ కళ్ళు మూసుకుని జపమాల చెప్పుకుంటూ కూర్చున్నాను కాబట్టి చూశానని చెప్పలేను.

పిల్లను చూడటానికి అతనూ, అతని తల్లి అక్కమ్మగారూ వచ్చారు. పిల్లవాడు బాగానే ఉన్నాడు, అది అబద్ధమాడను. తల వంచుకుని తింటున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు కుడి మణికట్టు పైన నల్లటి మచ్చలు మూడు కనపడ్డాయి, ఒక్కోటి పావలా బిళ్ళంత.

"అవేంటి బాబూ?" అని అడిగాను.

"నిప్పురవ్వలండి" అన్నాడు, దోమలు కుట్టాయన్నంత తేలిగ్గా. "గోంగూర ఇంకొంచెం వేస్తారా అత్తయ్యగారూ?"

ఇంకా ఎవరూ ఔనని చెప్పలేదు, అప్పుడే అత్తయ్యగారు. గోంగూర వేశాను గానీ కళ్ళు ఆ మచ్చల మీదే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళేటప్పుడు అక్కమ్మగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. మేం వేళాంగణి మాత పండగకి వెళుతున్నామని ఆవిడకి తెలుసు. "పండగ చూసుకుని వచ్చాక ఏ మాటైనా చెప్పండి వదినగారూ. దాచుకోవడం దేనికి, విస్సన్నపేట వాళ్ళు కూడా అడుగుతున్నారు. మా వాడికి మాత్రం ఇక్కడే మనసైనట్టుంది" అన్నారు.

ఆ నెలంతా మా ఇంట్లో ఇదే. బాయిలరు పేలుతుందన్నాను. బ్రిడ్జి కూలుతుందన్నాను. నిద్రమత్తులో కాలు జారుతుందన్నాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. మా అత్తగారు జోజమ్మ మాత్రం, "నీ పెళ్ళప్పుడు మావాడు సైకిలు మీంచి పడతాడేమోనని మీ అమ్మ భయపడిందే ఏసురత్నం. పడ్డాడనుకో, ఏమైంది?" అనేది.

పిల్ల ఏమీ అనదు. అదే నాకు ఎక్కువ బెంగ. ఒకరోజు గంజి వారుస్తుంటే ఆవిరి తగిలి నా చెయ్యి బొబ్బెక్కింది. ప్రేమావతి వచ్చి బర్నాల్ రాస్తూ, తలెత్తకుండా అంది. "నీ చేతి మీద ఇలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టావామ్మా? నాన్న వాటిని చూసి వద్దనలేదుగా."

ట్యూబు మూత సరిగ్గా పెట్టు అన్నాను.

*

మా చర్చి విచారణలో ఏటా సెప్టెంబరు పండగకి ఒక బస్సు మాట్లాడుకుని వేళాంగణి మాత దగ్గరికి వెళ్ళడం వాడుక. నలభైమందిమి, బియ్యం బస్తాలు, వంటపాత్రలు, ఇద్దరు వంటవాళ్ళు. డ్రైవరు ఏడుకొండలు గంపలగూడెం మనిషి. పేరు ఏడుకొండలైనా ప్రతి ఏడూ మమ్మల్ని మాత దగ్గరికి చేర్చి, దండం పెట్టుకుని, తిరుగు ప్రయాణంలో మేం అడగని ఊళ్ళు కూడా చూపించేవాడు. ఆ ఏడు తిరిగివచ్చేటప్పుడు మైసూరు చూపిస్తానన్నాడు.

ఇక్కడ మా అత్తగారి సంగతి ఒకటి చెప్పాలి. మా ఊరి బస్టాండులో విజయవాడ బస్సు వచ్చిందంటే ఎక్కడం తరవాత, ముందు కిటికీలోంచి తువాలు వేయాలి. తువాలు ఎవరిదైతే సీటు వాళ్ళది. అది మా వైపు చట్టం. పోలీసు కూడా కాదనడు. ఆ విద్యలో జోజమ్మగారిని మించినవాళ్ళు లేరు. బస్సు ఇంకా ఆగకముందే, పక్కన పరుగెడుతూ, ఎర్ర గళ్ళ తువాలు విసిరిందంటే అది మూడో వరస కిటికీ సీటు మీద పరుచుకుని పడేది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నిలబడి ప్రయాణం చెయ్యలేదు. డెబ్భైకి దగ్గరపడినా చేతి గురి తప్పలేదు.

ఆ తువాలు ఈ యాత్రకి కూడా వచ్చింది. నేను తెచ్చుకున్నవి అమృతాంజనం, ఓమం, గాయాలకి దూది, బర్నాల్, ఇంకా నా బెంగ.

వేళాంగణిలో నిలువెత్తు కొవ్వొత్తి వెలిగించాను. తల్లీ, ఆ పిల్లవాడికి ఏ కీడూ వద్దు, మంచి పిల్ల దొరకాలి, కానీ అది మా పిల్ల కాకుండా చూడు అని మొక్కుకున్నాను. కళ్ళు తెరిస్తే నా పక్కనే ప్రేమావతి, దాని చేతిలో చిన్న కొవ్వొత్తి. పెదాలు కదులుతున్నాయి. ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఆ తల్లి ఎవరి మాట వింటుందోనని బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

*

మైసూరులో పెద్ద చర్చిలో పూజ విని, ఇడ్లీలు తిని, ఇక రాజుగారి కోటకి బయలుదేరాలి. ఏడుకొండలు బస్సు స్టార్టు చేసి, స్టేషను దగ్గర కొత్తగా రైలు మ్యూజియం ఒకటి తెరిచారనీ, పాతకాలపు ఇంజన్లూ రైలుపెట్టెలూ తెచ్చి పెట్టారనీ, రాణీగారు తిరిగిన పెట్టె కూడా ఉందనీ చెప్పాడు. రాణీగారి పెట్టె అనేసరికి బస్సులో ఆడవాళ్ళందరూ చూస్తామన్నారు. మా ఆయన నావైపు చూడలేదు. చూడకపోవడంలోనే నాకు అర్థమైంది, ఆయనా ఏడుకొండలూ కూడబలుక్కున్నారని.

నేను బస్సులోనే ఉంటానన్నాను. కానీ పిల్ల దిగింది. ఇంజన్ల మధ్యకి పిల్లను వదిలి నేను బస్సులో ఎలా కూర్చోను? కొంగు బిగించి నేనూ దిగాను.

అది తోటలాగా ఉంది. గడ్డి, పూలమొక్కలు, వాటి మధ్య పట్టాలు, పట్టాల మీద నల్లటి ఇంజన్లు, రంగులు వేసిన పెట్టెలు. రాణీగారి పెట్టెలో మంచం, స్నానాలగది, అన్నీ ఉన్నాయి. రైల్లో స్నానం చేస్తుంటే బండి కుదిపితే తల ఎక్కడ తగులుతుందో అని నేను లోపలంతా వెతికాను.

ఇంతలో బయట గోల. వెళ్ళి చూస్తే, అవతల పట్టాల మీద మామూలు పెట్టె ఒకటి, కిటికీలు తెరిచి ఉన్నాయి. మా అత్తగారు ఆ కిటికీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. లోపల చెక్కబల్ల మీద ఎర్ర గళ్ళ తువాలు నిండుగా పరుచుకుని ఉంది. ఎదుటి బల్ల మీద ఆవిడ చేతిసంచి, పక్కన మా చర్చి ఆడవాళ్ళవి మరో నాలుగు రుమాళ్ళు. కిటికీలు తెరిచిన బండి కనపడేసరికి ఆవిడ చెయ్యి ఆగలేదు. ఆవిడ వేసేసరికి మిగతావాళ్ళకి కంగారు పుట్టి వాళ్ళూ వేశారు.

ఖాకీ చొక్కా తొడుక్కున్న పెద్దాయన ఒకాయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. మా మాట విని తెలుగులోనే పలకరించాడు. పేరు ఆదిశేషయ్య అట, గుంతకల్లు మనిషి. ఇంజను డ్రైవరుగా రిటైరై ఇక్కడ వచ్చినవాళ్ళకి అన్నీ చూపిస్తుంటాడట.

"ఎక్కడికమ్మా ప్రయాణం?" అని మా అత్తగారిని అడిగాడు.

"తిరువూరు" అంది ఆవిడ, తువాలు వంక చూపిస్తూ. "ఆ సీటు మాదే."

"మీదేనమ్మా. కాదన్నదెవరు? ఈ బండి ఆగి ఏళ్ళయింది. మళ్ళీ కదిలిన రోజున మొదటి సీటు మీదే" అన్నాడాయన. అందరూ నవ్వారు. మా అత్తగారికి ముందు అర్థం కాలేదు, తరవాత పెట్టె కింద గడ్డి మొలిచి ఉండటం చూసి, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. అయినా తువాలు తియ్యలేదు. చూడటం అయ్యేదాకా ఉండనీ, మళ్ళీ ఎవరైనా కూర్చుంటారు అంది.

ఆదిశేషయ్యగారు తువాలు చూసి ఇంకో మాట కూడా చెప్పాడు. నిజం లైను పక్కన ఎప్పుడూ ఎర్రగుడ్డ ఊపకూడదనీ, ఊపితే ప్రమాదమనుకుని డ్రైవరు బండి ఆపేస్తాడనీ. మిగతావాళ్ళు విన్నారో లేదో గానీ నేను ఆ మాట మనసులో రాసిపెట్టుకున్నాను.

*

ఇంజను దగ్గరికి అందరం వెళ్ళాం. దాని చక్రం నా భుజం దాకా వచ్చింది. అది ఏమీ చెయ్యకుండా ఊరికే నిలబడి ఉన్నా నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంతలో చూస్తే ప్రేమావతి లేదు. ఇనప నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కేసి, ఇంజను లోపలి నుంచి కిందికి చూస్తోంది.

"దిగు" అన్నాను. దిగలేదు. ఆదిశేషయ్యగారు చెయ్యి అందించాడు, మా ఆయన వెనకనుంచి పట్టుకున్నారు, ఎలా ఎక్కానో తెలియదు, ఎక్కేశాను.

లోపల గది మా వంటింటి కంటే చిన్నది. మీటలు, గొట్టాలు, గాజు గడియారాల్లాంటివి. మధ్యలో నోరు మూసుకున్న పొయ్యి. నెలరోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే. ఎక్కినదాన్ని ఎలాగూ ఎక్కాను కదా, నా అనుమానాలన్నీ అడిగేశాను. కుర్రాడు ఎక్కడ నిలబడతాడు, కుదిపితే దేన్ని పట్టుకుంటాడు, నిప్పు వెనక్కి ఎగిస్తే ఏం చేస్తాడు, బాయిలరు పేలకుండా ఏముంది. ఆయన ఒక్కదానికి కూడా నవ్వలేదు. పట్టుకునే కమ్మీ మీద నా చెయ్యి పెట్టించాడు. నునుపుగా, చల్లగా ఉంది, ఎన్ని చేతులు పట్టుకుని అరగదీశాయో. నీళ్ళు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టం చూపించాడు. డ్రైవరు కళ్ళు ఎప్పుడూ దాని మీదే ఉంటాయట.

చివరికి అసలుది అడిగాను. "నిప్పురవ్వలు?"

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు పైన పావలా బిళ్ళంత మచ్చలు. నేను లెక్కపెట్టాను, అయిదు.

"ఎప్పటివండీ ఇవి?"

"మొదటి సంవత్సరానివమ్మా. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో మళ్ళీ పడలేదు. చెయ్యి నేర్చుకుంటుంది."

నేను సంచిలోంచి బర్నాల్ తీసి ఆయనకి ఇవ్వబోయాను. ఆయన ఆ ట్యూబు వంకా నా వంకా చూసి, మానిపోయి చాలా కాలమైందమ్మా అన్నాడు మెల్లగా. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గారు.

దిగబోతూ ఉంటే పొయ్యి తలుపు పైన చిన్న ఇనప పలక కనపడింది, మా ఇంట్లో పోపుపెట్టె పెట్టే అరంత. దేనికని అడిగాను.

"అన్నానికి" అన్నాడు ఆదిశేషయ్యగారు. ఇప్పటిదాకా పాఠం చెప్పినట్టు చెప్పినాయన మొహం అప్పుడు మారింది. "మా ఆవిడ కట్టిన క్యారియరు ఇక్కడ పెట్టేవాణ్ణి. పొయ్యి సెగకి ఎప్పుడూ వేడిగా ఉండేది. ఏ అడివిలో సిగ్నలు పడక బండి ఆగినా, వానలో తడిసినా, నా సర్వీసంతా వేడన్నం తిన్నానమ్మా. ఆఫీసుల్లో పనిచేసే మా అన్నదమ్ములు చల్లన్నం తిన్నారు."

నేను ఆ పలకని జానపెట్టి కొలిచాను. చేత్తో తుడిచి చూశాను. పక్కకి జారకుండా చిన్న అంచు కూడా ఉంది.

"మరి పెరుగు?" అని అడిగాను. "సెగకి విరిగిపోదూ?"

"విరిగిపోతుంది. మొదట్లో మా ఆవిడకీ తెలియక క్యారియరులోనే పెట్టేది. తరవాత విడిగా గిన్నెలో కట్టేది. అది కింద, నీళ్ళ తొట్టి పక్కన పెట్టుకునేవాణ్ణి."

నేను ప్రేమావతి వైపు తిరిగాను. వంటింట్లో నేను ఎంత చెప్పినా ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు అది.

"పెరుగు గిన్నె విడిగా కట్టాలి" అన్నాను. "గుర్తుపెట్టుకో."

దూరంగా అసలు స్టేషనులో ఏదో బండి కూసింది. "అలాగేనమ్మా" అంది పిల్ల. కమ్మీ మీద ఉన్న నా చేతి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. బొబ్బ మచ్చ ఉన్న చోటే.

కింద మా అత్తగారు ఈ ఇంజను ఒకసారి కూయించమని అడుగుతోంది. ఆవిరి లేనిదే కూయదని ఆదిశేషయ్యగారు చెబితే, ఇంతదూరం వచ్చి కూత వినకుండా పోవాలా అని చిన్నబోయింది. మా ఆయన మాత్రం అప్పటికే దిగి, పోస్టుకార్డు ఎక్కడ దొరుకుతుందో అడుగుతూ గేటువైపు వెళుతున్నారు.

*

ఆ కార్డు నేనే చెప్పి రాయించాను. మాకు సమ్మతం అన్నది మొదటి వాక్యం. అబ్బాయి క్యారియరు ఎన్ని గిన్నెలదో దయచేసి తెలుపగలరు అన్నది రెండోది. ఇలాంటి మాట పెళ్ళి కబురులో ఎవరైనా రాస్తారా అని మా ఆయన కలం పట్టుకుని ఆగారు. రాయమన్నాను.

తిరుగు దారిలో, మేం విజయవాడ దాటాక ఒకచోట రైలు గేటు పడింది. పొద్దున ఎనిమిదింటివేళ, రాత్రి కురిసిన వానకి రోడ్డు పక్కన వరిచేలు తళతళలాడుతున్నాయి. అంతకుముందు ఎన్నిసార్లో గేటు దగ్గర బస్సు ఆగితే నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఈసారి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. గూడ్సు బండి వస్తోంది, ముందు నల్లటి ఇంజను, పైన తెల్లటి ఆవిరి.

మా అత్తగారు లేచి నిలబడింది. సంచిలోంచి ఎర్ర తువాలు బయటికి లాగింది, కిటికీలోంచి ఊపడానికి. ఆదిశేషయ్యగారి మాట గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టి లోపలికి గుంజి, తువాలు లాక్కుని దాని మీద కూర్చున్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. అది చూడలేక, నా తెల్ల రుమాలు తీసి, సగం బయటికి వంగి, నేనే ఊపాను. నా వెనక ప్రేమావతి, దాని వెనక బస్సులో సగంమంది.

ఇంజను దగ్గరికి వచ్చింది. డ్రైవరు మమ్మల్ని చూసి చెయ్యెత్తి పైన తాడు లాగాడు. ఆ కూత చేలన్నీ దాటి పోయింది. బస్సంతా చప్పట్లు కొట్టింది, మా అత్తగారు కళ్ళు తుడుచుకుంది. నేను చెవులు మూసుకోలేదు. పొయ్యి వెలుగులో తలకి గుడ్డ కట్టుకున్న కుర్రాడు ఒకడు పార ఎత్తుతూ కనపడ్డాడు. మా వాడు కాదు. అయినా, పొద్దున ఏమైనా తిన్నాడో లేదో అనుకున్నాను. తల తిప్పి చూసేలోపల బండి వెళ్ళిపోయింది, ఆ పలక మీద క్యారియరు ఉందో లేదో కనపడలేదు.

ఇల్లు చేరిన నాలుగో రోజున జవాబు వచ్చింది. అక్కమ్మగారి పేరు మీద వచ్చినా రాసింది పిల్లవాడే. ముత్యాల్లాంటి అక్షరాలు. అందరికీ వందనాలు, దసరా వెళ్ళాక చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి చాటింపు వేయిద్దాం, అమ్మ సంతోషంగా ఉంది. చివర వేరే వరసలో: "క్యారియరు మూడు గిన్నెలదండి. నాలుగు గిన్నెలది కొంటాను."

ప్రేమావతి ఆ కార్డు పట్టుకుని దొడ్లోకి పోయి గంటదాకా రాలేదు. మా అత్తగారు పెళ్ళినాడు చర్చిలో ముందు బల్ల మీద ఎవరికంటే ముందు తువాలు వేయాలో ఆలోచిస్తోంది. మా ఆయన మళ్ళీ పేపరు తెరిచారు.

నేను వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. మూడు గిన్నెలదైతే ఆ పలక మీద సరిపోతుంది, నేను చేత్తో కొలిచాను కదా. నాలుగు గిన్నెలంటే ఎత్తవుతుంది. బండి కుదుపుకి ఒరిగితే? అంచు బెత్తెడు కూడా లేదు. సాంబారు గిన్నె పైన పెట్టాలా, కింద పెట్టాలా?

"ఏమండీ" అని పిలిచాను. "మళ్ళీ ఒకసారి మైసూరు వెళ్ళి ఆ పెద్దాయన్ని అడిగి వద్దామా?"